అరవై దాటాక: నడకా, కండబలం పెంచే వ్యాయామమా?

రోజుకు అరగంటే చేతిలో ఉంటే దేనికి ఇవ్వాలి?

ఖర్చు: రెండూ చవకే. నడకకు మంచి బూట్లు, కండరాలకు గట్టి కుర్చీ, బరువులుగా ఎత్తడానికి నీళ్ల సీసాలు చాలు.

శ్రమ: నడక త్వరగా అలవాటవుతుంది, తోడుంటే సమయమే తెలియదు. కుర్చీలోంచి చేతులు ఊనకుండా పదిసార్లు లేవడం మొదట్లో విసుగనిపిస్తుంది.

ఫలితం: అసలు తేడా ఇక్కడే. నడక గుండెకు, రక్తపోటుకు, నిద్రకు, మనసుకు మేలు చేస్తుంది. కానీ వయసుతో తరిగిపోయే కండను నిలపడానికి అదొక్కటే చాలదు. నేలమీంచి లేవడం, మెట్లెక్కడం, కాలు తడబడితే నిలదొక్కుకోవడం ఎక్కువగా కాళ్ల బలంతోనే సాధ్యం. ఒకరి సాయం లేకుండా బతకాలని కోరుకునేవారు కండరాల వ్యాయామాన్ని వాయిదా వేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ముప్పు: నడకలో జారిపడటం. బరువులెత్తేటప్పుడు ఊపిరి బిగపడితే రక్తపోటు పెరుగుతుంది, కాబట్టి ఎత్తుతూ ఊపిరి వదలాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు రెండూ కావాలన్నాయి: వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ (చురుగ్గా నడవడం లాంటిది), 2 రోజులు కండరాల వ్యాయామం.

ఇన్నాళ్లూ కదలనివారు, ఒంటరిగా ఉన్నవారు నడకతో మొదలుపెట్టండి. రోజూ నడుస్తున్నా కుర్చీలోంచి లేవడానికి చేతులు ఊనేవారు వారంలో రెండు రోజుల నడక సమయాన్ని కండరాల వ్యాయామానికి ఇవ్వండి. గుండెజబ్బు ఉంటే ముందు వైద్యుణ్ణి అడగండి.