హెచ్ఐవీ పరీక్షకు సొంత యాప్ మేలా, డేటింగ్ యాప్ మేలా, తోటివాళ్ల గ్రూప్ మేలా?

అమెరికా జనాభాలో లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు, ఐదో వంతుకు కాస్త తక్కువ. 2022లో అక్కడ కొత్తగా హెచ్ఐవీ సోకినవాళ్లలో మాత్రం దాదాపు మూడో వంతు వాళ్లేనని ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా. వాళ్లలో ఎక్కువమంది పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషులు. ఇంగ్లిష్ కంటే స్పానిష్‌లోనే తేలిగ్గా మాట్లాడేవాళ్లు వీళ్లలో చాలామంది. ఫోన్ అందరి చేతిలోనూ ఉంది కాబట్టి, దాని ద్వారా వీళ్లను పరీక్షకు రప్పించాలని చాలా ఏళ్లుగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. ముఖ్యంగా మూడు దారులు కనిపిస్తాయి.

మొదటిది సొంత యాప్. ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్లు పురుషులతో సంబంధాలున్న పురుషుల కోసం తయారుచేసిన హెల్త్‌మైండర్ ఈ కోవలోదే. పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో గుర్తుచేస్తుంది, ఇంట్లోనే చేసుకునే కిట్ ఆర్డర్ పెట్టుకోనిస్తుంది. పనితనానికి వంక పెట్టలేం. చిక్కంతా దాన్ని డౌన్‌లోడ్ చేసేది ఎవరన్నదే. ఎప్పుడూ పరీక్ష చేయించుకోని మనిషి ప్లే స్టోర్‌లోకి వెళ్లి హెచ్ఐవీ అని వెతకడు. వెతికేవాడు ఇప్పటికే సగం దారిలో ఉన్నాడు. పైగా నలుగురైదుగురు కలిసి అద్దెకుండే గదిలో ఫోన్ మీద ఆ ఐకాన్ కనిపించడమే ఒక టెన్షన్. దగ్గర్లోని క్లినిక్ చూపిస్తాం, లొకేషన్ ఇవ్వండి అని యాప్ అడిగిందనుకోండి, సరైన కాగితాలు లేకుండా ఉంటున్నవాడు అక్కడే దాన్ని తీసేస్తాడు. యాప్ అనగానే ముందు లాగిన్, ఓటీపీ స్క్రీన్లు గీసే మన సాఫ్ట్‌వేర్ మిత్రులు అమెరికాలో చాలామందే ఉన్నారు. ఇక్కడ ఆ మొదటి స్క్రీనే తలుపు మూసేస్తుంది.

భాష సంగతీ అంత తేలిక కాదు. ఇంగ్లిష్ స్క్రీన్లను స్పానిష్‌లోకి మార్చేస్తే పని అయిపోయిందనుకుంటారు. గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్లలో కొందరికి మాతృభాష కిచే లాంటి మాయా భాష, స్పానిష్ తర్వాత నేర్చుకున్నది. పేరాలకు పేరాలు చదవమంటే వాళ్లు చదవరు. చిన్న ఆడియో, వీడియో పెడితే వింటారు. పోర్టోరికో నుంచి వచ్చినవాడు పుట్టుకతోనే అమెరికా పౌరుడు, అతనికి ఇమిగ్రేషన్ భయమే లేదు. ఇద్దరికీ ఒకే హెచ్చరిక, ఒకే హామీ చూపిస్తే ఎవరికీ అతకదు.

రెండో దారి, వాళ్లు ఇప్పటికే వాడుతున్న డేటింగ్ యాప్‌లోకే వెళ్లడం. పురుషులతో సంబంధాలున్న పురుషులు ఎక్కువగా వాడే డేటింగ్ యాప్ గ్రైండర్ 2018 మార్చిలో, కోరుకున్నవాళ్లకు 3 నుంచి 6 నెలలకోసారి పరీక్షను గుర్తుచేసే ఏర్పాటు పెట్టింది. 2023 మార్చిలో సీడీసీ నిధులతో టుగెదర్ టేక్‌మీహోమ్ అనే కార్యక్రమం మొదలైంది. డేటింగ్ యాప్‌లో దాని ప్రకటన నొక్కి ఆర్డర్ పెడితే కిట్ ఉచితంగా ఇంటికి వచ్చేది, స్పానిష్‌లోనూ ఆర్డర్ పెట్టుకునే వీలుండేది. మొదటి ఏడాదిలోనే 4 లక్షలకు పైగా కిట్లు పంపారు. తీసుకున్నవాళ్లలో దాదాపు నాలుగో వంతు అంతకుముందు ఎప్పుడూ పరీక్ష చేయించుకోనివాళ్లు. ఇంత విస్తృతి సొంత యాప్‌కు కలలో కూడా రాదు.

అయితే గ్రైండర్ ఆ రిమైండర్ తెచ్చిన కొద్ది రోజులకే, వాడుకరులు ప్రొఫైల్‌లో రాసుకున్న హెచ్ఐవీ వివరాలు రెండు బయటి కంపెనీలకు వెళ్తున్నాయని బయటపడింది. ఆ పద్ధతిని ఆపేశారు, కానీ అపనమ్మకం అంత త్వరగా పోదు. కిట్‌కూ పరిమితులున్నాయి. చిగుళ్ల మీద రుద్ది 20 నిమిషాల్లో ఫలితం చూసుకునే ఓరాక్విక్ కిట్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో అనుమతిచ్చింది. ఇంట్లో సొంతంగా చేసుకున్నప్పుడు, వైరస్ ఉన్న ప్రతి 12 మందిలో సుమారు ఒకరికి లేదని చూపించవచ్చు. సోకిన మూడు నెలల దాకా ఫలితాన్ని నమ్మలేం. రక్తనాళం నుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేసే యాంటిజెన్-యాంటీబాడీ పరీక్ష 18 నుంచి 45 రోజుల్లోనే పట్టేస్తుంది. గత నెల సంగతి తలుచుకుని భయపడుతున్నవాడికి కిట్ కాదు, ల్యాబ్ దారి చూపాలి. భయం ఎప్పటి సంగతి గురించి అన్న ఈ ఒక్క ప్రశ్న అడిగి దారి మళ్లించే స్క్రీన్ లేకపోతే ఉచిత కిట్ ఉత్త భరోసా మాత్రమే ఇస్తుంది.

మూడోది తోటివాళ్ల గ్రూప్. నా ఓటు దీనికే. లాస్ ఏంజెలెస్‌లో అక్కడి విశ్వవిద్యాలయం యూసీఎల్‌ఏ పరిశోధకులు ఎక్కువగా నల్లజాతి, లాటినో పురుషులతో ఫేస్‌బుక్ గ్రూపులు పెట్టి, శిక్షణ పొందిన తోటివాళ్ల చేత 12 వారాలు హెచ్ఐవీ గురించి మాట్లాడించారు. ఆ గ్రూపుల్లో 44 శాతం మంది ఇంటికి కిట్ కావాలని అడిగారు. మామూలు ఆరోగ్య విషయాలు మాట్లాడుకున్న గ్రూపుల్లో 20 శాతమే. ఇలాంటిదే పెరూ రాజధాని లిమాలోనూ చేశారు. అక్కడ లెక్క కిట్ అడగడం కాదు, క్లినిక్‌కు వెళ్లి పరీక్ష చేయించుకోవడం: తోటివాళ్లున్న గ్రూపుల్లో 17 శాతం, లేనివాటిలో 7 శాతం. లిమాలో రెండో పక్షానికీ ఫేస్‌బుక్ గ్రూప్ ఉంది, అందులో సమాచారమూ ఉంది. లేనిది ఆ తోటి మనిషే. "నేనూ భయపడ్డాను, వెళ్లొచ్చాను" అని తమ యాసలో చెప్పేవాడిని ఏ నోటిఫికేషనూ భర్తీ చేయలేదు.

17 శాతం పెద్ద అంకె కాదనే మాట నిజమే. తోటివాళ్లను వెతకాలి, నేర్పించాలి, వాళ్ల సమయానికి డబ్బివ్వాలి. వాళ్లు వేరే ఊరు వెళ్లిపోతే మళ్లీ మొదటికొస్తుంది. గ్రూప్ రహస్యంగా లేకపోతే సభ్యుల పేర్లే గుట్టు విప్పేస్తాయి.

అందుకని నేనైతే ఇలా పంచుతాను. మొదటి పరీక్షకు తోటివాళ్లు, వాళ్ల చేతుల మీదుగానే కిట్. ఇల్లు పంచుకునేవాళ్లకు పోస్టులో వచ్చే పెట్టె కంటే అదే నయం. ఆ తర్వాతి పరీక్షలకు డేటింగ్ యాప్ రిమైండర్ చాలు. సొంత యాప్‌ను, హెచ్ఐవీ సోకకుండా ముందుగానే వాడే ప్రెప్ మాత్రలు వేసుకుంటూ 3 నెలలకోసారి ఎలాగూ పరీక్ష చేయించుకోవాల్సినవాళ్లకు ఉంచుతాను. వాళ్లకది నిజంగా పనికొస్తుంది. ఒక్క మినహాయింపు: లాటినోలు అక్కడక్కడా విసిరేసినట్టుండే పల్లె కౌంటీలు. అక్కడ తోటివాడు దొరకడు, దొరికినా అందరికీ అందరూ తెలుసు. డేటింగ్ యాప్ నుంచి కిట్, ఫలితం పాజిటివ్ వస్తే స్పానిష్‌లో మాట్లాడే మనిషి ఫోన్ నంబర్, నిర్ధారణ రక్తపరీక్ష చేసే చోటు, అక్కడ ఈ మూడూ చాలు.