డ్రిప్పుకు ఆటోమేటిక్ ప్రెజర్ వాల్వు పెట్టిస్తున్నారా? నీళ్లు పారించి చూపించే దాకా పూర్తి డబ్బులు ఇవ్వకండి

నల్గొండ, దేవరకొండ, హాలియా వైపు బత్తాయి రైతులు, ముఖ్యంగా వాలు చెలకల్లో తోటలు ఉన్నవాళ్లు, దయచేసి ఇది చదివాకే వాల్వుకు అడ్వాన్సు ఇవ్వండి. మాకు జరిగిన నష్టం ఇంకొకరికి జరగొద్దనే రాస్తున్నాను.

మా బోరు, ఫిల్టరు గట్టు మీద ఉంటాయి. చివరి బ్లాకు అక్కడి నుంచి దాదాపు 10 మీటర్లు పల్లంలో ఉంటుంది. 10 మీటర్లు దిగితే నీటి బరువుకే సుమారు ఒక కేజీ ప్రెజర్ (చదరపు సెంటీమీటరు మీద) పెరుగుతుంది. దానికి మోటరు తోపు తోడైతే కింద లేటరల్ పైపులు (చెట్ల వరసల వెంట పరిచే సన్న పైపులు) నిలవవు. ఈ సంగతంతా డీలరుకు చెప్పి, అవతలికి పోయే ప్రెజర్‌ను తగ్గించి ఒకే తీరుగా నిలిపే ఈ వాల్వు కొన్నాం. "మనిషిని పంపిస్తా, ఫిట్టింగు, స్టార్టింగు అన్నీ మేమే చూసుకుంటాం" అన్నారు.

వచ్చిన ఫిట్టరు రంపంతో పైపు కోసి, ఆ పొట్టు కూడా దులపకుండా వాల్వు బిగించాడు. అదీ ఫిల్టరు కంటే ముందు, బోరు పక్కనే. పైపు అక్కడ తిన్నగా ఉందట. ప్రెజర్ చూపించే గేజి వాల్వుకు ముందు వైపు ఒక్కటే పెట్టాడు. బ్లాకుల గేట్లన్నీ మూసి ఉండగానే మోటరు వేసి, పైన స్క్రూ నాలుగు తిప్పులు తిప్పి "ఒకటిన్నర కేజీకి సెట్ చేసిన" అని చెప్పి డబ్బులు తీసుకొని పోయాడు. నీళ్లు పారకుండా, అవతలి వైపు గేజి లేకుండా ఒకటిన్నర అని ఎట్లా తెలిసిందో ఇప్పటికీ జవాబు లేదు.

కొన్నాళ్లకు ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది, ఆటో స్టార్టరు మోటరు వేసింది. తెల్లారి పోయి చూస్తే కింది బ్లాకులో లేటరల్‌ను పెద్ద పైపుకు కలిపే టేకాఫ్‌లు పీక్కుపోయి, వాటి రబ్బరు రింగులు (గ్రోమెట్లు) ఊడిపోయి, పాదుల్లో మట్టి కొట్టుకుపోయి వేర్లు తేలి ఉన్నాయి. పై బ్లాకులో నేల తడవనే లేదు. పిందె మీదున్న చెట్లకు తడి హెచ్చుతగ్గులైతే ఎంత రాలుతుందో బత్తాయి రైతుకు చెప్పనక్కర్లేదు.

వేరే మెకానిక్‌ను పిలిచి విప్పించాం. వాల్వు మీదుండే సన్నని ట్యూబు మొదట్లో చిటికెన వేలి గోరంత జాలీ ఉంటుంది. దాన్నిండా తెల్లటి పీవీసీ పొట్టు, బోరు ఇసుక. ఈ వాల్వు పని అంతా ఆ ట్యూబు మీదే ఉంది. ముందు వైపు నుంచి కాసిన్ని నీళ్లు దాంట్లోంచి రబ్బరు డయాఫ్రం పై గదిలోకి పోయి, వాల్వును మూసే వైపు ఒత్తుతాయి. పైలట్ అనే చిన్న వాల్వు అవతలి ప్రెజర్‌ను బట్టి ఆ నీళ్లను వదులుతూ ఉంటుంది. జాలీ మూసుకుపోతే పై గదికి నీళ్లు రావు, ఒత్తేది ఉండదు, వాల్వు బార్లా తెరుచుకుంటుంది. మోటరు ప్రెజర్ అంతా నేరుగా కిందికి పోతుంది. మా తోటలో జరిగింది ఇదే.

డీలరును అడిగితే "ఇసుకతో పాడైతే వారంటీ రాదు" అన్నారు. ఫిల్టరుకు ముందు బిగించింది వాళ్ల మనిషే కదా అంటే ఫోను పెట్టేశారు.

అందుకే చెబుతున్నా, పని జరిగేటప్పుడు పక్కనే నిలబడండి. వాల్వు పెట్టే ముందు లైను తెరిచి, నీళ్లు తేటగా వచ్చేదాకా వదలమనండి. వాల్వు ఫిల్టరు తర్వాతే ఉండాలి, బాడీ మీది బాణం నీళ్లు పోయే వైపు చూడాలి. పల్లంలో బ్లాకు ఉంటే వాల్వు ఆ బ్లాకు మొదట్లో పెట్టాలి. గట్టు మీద పెడితే అక్కడ ఒకటిన్నర చూపించినా 10 మీటర్ల కింద రెండున్నర దాకా పోతుంది. రెండు వైపులా గేజిలు, రెండు వైపులా గేటువాల్వులు, వాల్వును తప్పించి నీళ్లు పోయే ఒక బైపాస్ పైపు తప్పనిసరి. బైపాస్ లేకుంటే రిపేరు వచ్చిన రోజు తోటకు నీళ్లుండవు. ఇంకో మాట, పైపు మూడించులు కాబట్టి వాల్వూ మూడించులే అంటే ఒప్పుకోకండి. సైజు పారే నీళ్లను బట్టి చూడాలి. పెద్ద వాల్వులో కొద్ది నీళ్లు పారితే దడదడ కొట్టుకుంటుంది.

స్టార్టింగు రోజు వాల్వుకు ముందున్న గేటు మెల్లగా తెరవాలి. పై మూత దగ్గర ప్లగ్గు వదులు చేసి గాలి అంతా పోనివ్వాలి, గాలి మిగిలితే గేజి ముల్లు ఊగుతూనే ఉంటుంది. సెట్టింగు ఒక బ్లాకు పారుతుండగానే చేయాలి. చాలా వాల్వుల్లో స్క్రూ కుడికి తిప్పితే ప్రెజర్ పెరుగుతుంది. కొంచెం తిప్పి, ముల్లు నిలిచాక మళ్లీ కొంచెం తిప్పాలి. చివర్లో లాక్ నట్టు బిగించాలి.

అసలు పరీక్ష దీని తర్వాతే ఉంది. బోరు దగ్గర నీళ్లు బయటికి వదిలే బైపాస్ (వాల్వు పక్కది కాదు) కొంచెం వదిలిపెట్టి, బ్లాకు గేటు మెల్లగా మూయించండి. అవతలి గేజి ముల్లు కాస్త లేచి ఆగిపోవాలి. ఆగకుండా ఇవతలి గేజితో సమానంగా ఎక్కుతుంటే వాల్వు మూసుకోవట్లేదు, వెంటనే మోటరు ఆపించి విప్పించండి. ఆగితే గేటు మళ్లీ తెరిచి, కరెంటు తీసి వేయించి, ఆటో స్టార్టరు మోటరు వేసినప్పుడు ముల్లు ఎంత ఎగురుతుందో మీ కళ్లతో చూడండి. ఇది చూపించనంటే చివరి వాయిదా డబ్బులు మీ దగ్గరే ఉంచుకోండి.

బిల్లు మీద "వాల్వు 1" అని రాసిస్తే తీసుకోవద్దు. మా బిల్లు అలాగే ఉంది, అదే ఇప్పుడు ఇబ్బంది పెడుతోంది. కంపెనీ, మోడలు, సైజు, సీరియల్ నంబరు, ఫిట్టింగు బాధ్యత ఎవరిదో రాయించుకోండి. గేజిల రీడింగు ఫోటో తీసి పెట్టుకోండి. ఇప్పటికే నష్టపోయినవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయొచ్చు, లేదా రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు. రైతు వినియోగదారుడు కాడని ఎవరైనా దబాయిస్తే, 2012లో విత్తనాల కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసిందని చెప్పండి. మేమూ ఆ బిల్లు, విప్పినప్పటి ఫోటోలు పట్టుకొని కమిషన్‌కే పోతున్నాం.