వైజాగ్ నెట్ సెంటర్లో లెక్చరర్ అప్లికేషన్: డబ్బుకి తగ్గ పనేనా?

పాలిటెక్నిక్, జూనియర్ (జేఎల్), డిగ్రీ (డీఎల్) కాలేజీ లెక్చరర్ పోస్టులకి ఏపీపీఎస్సీ, అంటే రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్, నోటిఫికేషన్ పడిందంటే చాలు, ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల వీధుల్లో జెరాక్సు షాపుల ముందు అట్టలు వేలాడతాయి: "ఇచ్చట జేఎల్, డీఎల్ అప్లికేషన్లు చేయబడును". మద్దిలపాలెంలో కృష్ణా కాలేజీ చుట్టుపక్కల, కంచరపాలెంలో పాలిటెక్నిక్, ఐటీఐ దారిలో కూడా ఇదే వ్యవహారం. ఇక్కడ ఏ ఒక్క షాపుకీ మార్కులు వెయ్యడం లేదు. ఆ షాపులన్నీ అమ్మే పనికి వేస్తున్నాం. స్కానింగు, అప్‌లోడు, ఫీజు కట్టడం వరకు ఆ పని బాగుంటుంది. అర్హత, లోకల్ జోన్ (మీరు ఏ జిల్లాల గుంపుకి స్థానికులన్నది), శాతం లెక్క దగ్గరికి వచ్చేసరికి ఏమాత్రం నమ్మదగ్గది కాదు. కౌంటర్ వెనకున్న కుర్రాడు నోటిఫికేషన్ చదవలేదు, చదవాల్సిన పనీ అతనికి లేదు.

మంచితో మొదలుపెడదాం. ఫొటో, సంతకం సైటు అడిగిన సైజుకి తగ్గించడం ఫోన్లో చేస్తే ఒక పూట పడుతుంది, వీళ్ల చేతిలో ఐదు నిమిషాల పని. సంతకం మాత్రం అక్కడున్న రీఫిల్ అయిపోయిన పెన్నుతో, రఫ్ పేపర్ వెనకాల పెట్టకండి. తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో కాస్త లావుగా పెట్టి, ఇంటి నుంచే తీసుకెళ్లండి. ఫైలు సైజు తగ్గించాక సన్నటి నీలం గీతలు పొడిపొడిగా విరిగిపోతాయి. రేపు పరీక్ష హాల్లో పెట్టే సంతకం దీంతో పోల్చేదే కాబట్టి, బ్యాంకులో పెట్టే సంతకమే ఇక్కడా పెట్టాలి.

లామినేషన్ చేయించిన ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ, ఒక తలనొప్పి. స్కానర్ లైటు ప్లాస్టిక్ మీద పడి రిజిస్టర్ నంబరు ఉన్న చోటే తెల్లటి మచ్చ వస్తుంది. ఓడీ కాగితం స్కానర్ అద్దం కన్నా పెద్దదైతే అంచు తెగుతుంది, తెగేది తరచూ తేదీ ఉన్న అంచే. స్కాన్ చేయగానే స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించమనండి. చూపించడానికి విసుక్కునే షాపైతే పక్క షాపుకి వెళ్లడం మేలు, ద్వారకానగర్‌లో పక్క షాపుకి కొదవ లేదు.

ఇక అసలు తిరకాసు. ఓటీపీఆర్, అంటే వన్ టైమ్ ప్రొఫైల్ రిజిస్ట్రేషన్, ఒక్కసారి చేస్తే మళ్లీ మళ్లీ వాడేది. దాని యూజర్ ఐడీ మీరిచ్చిన మొబైల్‌కీ మెయిల్‌కీ వస్తుంది. రద్దీ రోజుల్లో షాపువాళ్లు తమ మెయిల్ ఐడీ కొట్టేసి పని కానిచ్చేస్తారు. "మీకెందుకండీ, ప్రింటు ఇస్తాం కదా" అంటారు. రెండేళ్ల తర్వాత ఇంకో నోటిఫికేషన్ వచ్చి, మీరు పాస్‌వర్డ్ మర్చిపోతే, ఆ మెసేజ్ షాపువాడి మెయిల్‌కి పోతుంది. ఈలోగా షాపే ఎత్తేసి ఉండొచ్చు. అందుకే మీ సొంత మెయిల్, మీ పేరు మీదున్న సిమ్, చేతిలో ఫోన్. పాస్‌వర్డ్ మీరే కొట్టండి, బ్రౌజర్ గుర్తుపెట్టుకోమంటారా అని అడిగితే వద్దని నొక్కండి. ఇప్పటికే రెండు ఓటీపీఆర్‌లు ఉన్నవాళ్లు మూడోది చేయించుకోకుండా, పదో తరగతి మెమోలో ఉన్నట్టు పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్న దాన్నే దిద్దుకోవాలి. ఆధార్‌లో ఇంటిపేరు చివర, మెమోలో ముందు ఉండడం మనవైపు మామూలే. అలాంటప్పుడు మెమోలో ఎలా ఉంటే అలాగే కొట్టాలి.

శాతం గడి దగ్గర జరిగే పొరపాటు ఉద్యోగానికే ఎసరు పెట్టేది. పాలిటెక్నిక్‌లో ఇంజినీరింగ్ సబ్జెక్టుల లెక్చరర్‌కి ఆ బ్రాంచిలో ఫస్ట్ క్లాస్ బీటెక్ కావాలి. సీజీపీఏ చూడగానే కౌంటర్ దగ్గర 9.5తో గుణించేస్తారు, సీబీఎస్ఈ పదో తరగతి నుంచి పట్టుకున్న అలవాటది. జేఎన్‌టీయూ కాకినాడ సూత్రం వేరు, సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ పట్టిక కూడా అదే చెబుతుంది: సీజీపీఏలోంచి 0.75 తీసేసి పదితో గుణించాలి. 6.75 ఉంటే 60 శాతం, అంటే ఫస్ట్ క్లాస్. 6.6 ఉన్నవాళ్లకి షాపు లెక్కలో 62.7 వచ్చి ఫస్ట్ క్లాస్ అయిపోతుంది, అసలు లెక్కలో 58.5 దగ్గరే ఆగిపోతుంది. ఫారం సబ్మిట్ అవుతుంది, పరీక్షా రాస్తారు, సర్టిఫికెట్ల పరిశీలన రోజున బయటపడుతుంది. ఆంధ్రా యూనివర్సిటీ, ఇతర వర్సిటీల వాళ్లు తమ వర్సిటీ సూత్రమే వాడాలి. పీసీ, అంటే ప్రొవిజనల్ సర్టిఫికెట్, మీద క్లాసు అచ్చై ఉందేమో మొదట అది చూడండి. జూనియర్ లెక్చరర్‌కి ఆ సబ్జెక్టు పీజీలో 50 శాతం, డిగ్రీ లెక్చరర్‌కి 55 శాతంతో పాటు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గానీ సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) గానీ లేదా పీహెచ్‌డీ. సెట్ విషయంలో ఒక మెలిక ఉంది: 2002 జూన్ నుంచి పాసైన సెట్ ఏ రాష్ట్రానిదైతే ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది. తెలంగాణ సెట్ పట్టుకొచ్చి ఇక్కడి గడిలో నింపించుకుంటే పనికిరాదు, మన ఏపీసెట్టే కావాలి. అది నిర్వహించేది మన ఆంధ్రా యూనివర్సిటీయే.

సబ్జెక్టు ఎంచుకునే జాబితాలో ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్, ఎలక్ట్రానిక్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ పక్కపక్కనే ఉంటాయి. 2023 డిసెంబరులో పడ్డ 99 పాలిటెక్నిక్ పోస్టుల నోటిఫికేషన్‌లో ఈ మూడూ వేర్వేరు సబ్జెక్టులు. మౌస్ ఒక గడి కిందికి జారితే సబ్జెక్టు మీద ఉండే మీ రెండో పేపరే మారిపోతుంది, 450 మార్కుల్లో 300 దానివే. పీజీ వాళ్లకి ఇంకో చిక్కు. అప్లైడ్ మ్యాథమెటిక్స్, అనలిటికల్ కెమిస్ట్రీ లాంటి పేర్లు జాబితాలో ఉండకపోవచ్చు, అప్పుడు షాపులో దగ్గరగా కనిపించినదాన్ని నొక్కేస్తారు. డిగ్రీ పేరు నోటిఫికేషన్‌లో ఉన్న పేరుతో సరిపోకపోతే, సమానమేనని వర్సిటీ ఇచ్చే పత్రం చేతికొచ్చాకే ఆ గడి నింపించాలి.

ఈ మొత్తంలో ఎక్కువ జాగ్రత్త కావాల్సింది లోకల్ గడి. నాలుగు నుంచి పది దాకా ఏ ఊళ్లో, ఏ జిల్లాలో చదివారో అడుగుతారు. షాపులో చేసేది ఏమిటంటే, "వైజాగే కదండీ?" అని అడిగి ఏడు గడుల్లోనూ విశాఖపట్నం నొక్కెయ్యడం. లెక్క అంత తేలిక కాదు, 2023 నోటిఫికేషన్ల ప్రకారం అది ఇలా ఉంది. పదో తరగతి పరీక్ష మొదటిసారి రాసిన ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, ఎక్కడ చదివితే అక్కడే లోకల్. ఆ నాలుగేళ్లూ ఒకే జోన్‌లో లేకపోతే ఏడేళ్లు తీసుకుని ఎక్కడ ఎక్కువ ఉంటే అది. గాజువాక పిల్లాణ్ణి ఎనిమిదిలో విజయవాడ హాస్టల్లో వేశారనుకోండి. చివరి నాలుగేళ్లు రెండు చోట్లకి చీలాయి కాబట్టి ఏడేళ్ల లెక్కకి పోవాలి: ఇక్కడ నాలుగు, అక్కడ మూడు. అతను ఒకటో జోన్ లోకలే. అదే పిల్లాణ్ణి ఏడులోనే పంపి ఉంటే వరుస నాలుగేళ్లూ పాత కృష్ణా జిల్లావి, ఇల్లూ రేషన్ కార్డూ గాజువాకలో ఉన్నా రెండో జోన్ లోకల్ అవుతాడు. ఒక్క తరగతి తేడా. స్టడీ సర్టిఫికెట్లు బల్ల మీద పరచుకుని ఇంట్లోనే తేల్చుకోవాల్సిన సంగతి ఇది, వెనక పదిమంది నిలబడి ఉండగా తేలేది కాదు. కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా లోకల్ పేరా మళ్లీ చదవాలి.

జిల్లాల పేర్లు కూడా తికమక పెడతాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక చోడవరం, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాకి, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకి వెళ్లాయి. పాత సర్టిఫికెట్ మీద విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది. 2023 నోటిఫికేషన్లలో జోన్ల లెక్క పాత జిల్లాల మీదే నడిచింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం కలిపి ఒకటో జోన్. కాబట్టి చోడవరంలో చదివినవాళ్ల జోన్‌కి ఢోకా లేదు. కాకపోతే సర్టిఫికెట్‌లో ఒకటి, ఫారంలో ఒకటి లేకుండా చూసుకోవాలి.

తేదీల గడిలో పాస్ అయిన నెల, సంవత్సరం కొట్టమంటే ఓడీ మీది తేదీ కొట్టేస్తుంటారు. ఓడీ స్నాతకోత్సవం నాటిది, పాస్ అయిన ఏడాదీ రెండేళ్లకి అచ్చయ్యేది. అర్హత నోటిఫికేషన్ తేదీ నాటికే ఉండాలి గనక, ఆ ఒక్క తప్పుతో అర్హత ఉన్నవాళ్లు లేనట్టు కనిపిస్తారు. పీసీలో ఉన్న నెల, సంవత్సరమే చెప్పండి.

ఫీజు 2023 నోటిఫికేషన్ల ప్రకారం ప్రాసెసింగ్‌కి 250, పరీక్షకి 120. ఎస్సీ, ఎస్టీ, బీసీ తదితర వర్గాలకి ఆ 120 మినహాయింపు ఉంది. షాపువాళ్లు అందరి దగ్గరా 370 లెక్కగట్టి పైన తమ ఛార్జీ కలిపి ఒకే అంకె చెబితే విడగొట్టి చెప్పమనండి: సైటుకి ఎంత, నింపినందుకు ఎంత, స్కానింగ్ ఎంత, ప్రింటు ఎంత. డబ్బు మీ యూపీఐ నుంచే కట్టండి. అకౌంట్లో డబ్బు కటై స్క్రీన్ తిరుగుతూ ఉండిపోతే వెంటనే రెండోసారి కట్టకుండా, లాగౌట్ అయి మళ్లీ లోపలికి వెళ్లి స్టేటస్ చూడాలి. ఇంకొకటి, డబ్బు కట్టడం ఒక మెట్టు, ఫారం సబ్మిట్ చేయడం మరో మెట్టు. ఫీజు రసీదు చేతిలో పెట్టి పంపించేస్తే అప్లికేషన్ పూర్తయినట్టు కాదు. అప్లికేషన్ నంబరు ఉన్న పీడీఎఫ్ మీ మెయిల్‌కి వచ్చాకే కుర్చీ లోంచి లేవండి.

పంపేశాక తప్పు కనిపిస్తే సవరణకి కొన్ని రోజులు గడువిస్తారు, 2023 నోటిఫికేషన్లలో ఒక్కో సవరణకి వంద రూపాయలు. పేరు, ఫీజు, వయసు సడలింపు మాత్రం ముట్టుకోనివ్వరు. షాపు తప్పుకి ఆ వంద షాపే కడుతుందని ఆశపెట్టుకోకండి. సబ్మిట్ నొక్కే ముందు ప్రివ్యూ ప్రింటు ఒకటి తీయించి, పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ చదివితే పది రూపాయల లోపే పోతుంది.

పేటల్లో తేడా ఉందా అంటే కొంచెం ఉంది. ద్వారకానగర్‌లో లెక్చరర్ ఫారాలు ఎక్కువ పడతాయి కాబట్టి గడులు కొట్టినపిండి, రద్దీ మాత్రం చివరి మూడు రోజులూ భరించలేం. కంచరపాలెం వైపు పాలిటెక్నిక్, కెమికల్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజీ దగ్గర దగ్గరగా ఉండడంతో రకరకాల ఫారాలు చూసిన చేతులుంటాయి, కూర్చోబెట్టి చేస్తారు. వార్డు సచివాలయాన్ని కుల ధ్రువీకరణ, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) పత్రాలకే వాడుకోవాలి. ఈడబ్ల్యూఎస్ ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, కిందటేడాదిది స్కాన్ చేయించకండి.

గెస్ట్ ఫ్యాకల్టీకి, ప్రైవేటు కాలేజీలకి ఈ తతంగమేమీ లేదు. కాగితం అప్లికేషన్, జెరాక్సుల సెట్టు, డెమో క్లాసు. అక్కడ షాపులో కావాల్సింది రెజ్యూమె టైపింగ్, అదైతే నాసిరకం. కంప్యూటర్లో ఎప్పటిదో ఒక మూస ఉంటుంది: పైన ఇంగ్లీషులో "ఆబ్జెక్టివ్" అని నాలుగు వరుసలు, కింద తండ్రి పేరు, హాబీలు, చివర ఒక ప్రమాణం. ప్రిన్సిపాల్ వెతికేది అందులో ఉండదు. సబ్జెక్టు, శాతం, నెట్ లేదా సెట్, ఏ తరగతులకి ఏ పేపర్లు ఎన్నేళ్లు చెప్పారు, ల్యాబ్ చూసుకోగలరా, వారానికి ఎన్ని గంటలు ఖాళీ. ఇవి మొదటి సగం పేజీలోనే రావాలి. అందుకే విషయం మీరే కాగితం మీద రాసిచ్చి, మూస తీసేసి కొట్టమనండి. జెరాక్సుల సెట్టు పదో తరగతి మెమోతో మొదలై వరుసగా పీజీ దాకా, ఆ తర్వాత నెట్ లేదా సెట్, అనుభవ పత్రం, చివర కులం. ప్రతి కాగితం మీదా మీ సంతకం, తేదీ. ఆఫీసులో ఇచ్చేటప్పుడు మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోవడమే, "ఉంచి వెళ్లండి, చేరాక ఇస్తాం" అంటే మాత్రం ఒప్పుకోవద్దు.