కొరాపుట్‌లో బకెట్ వేడినీళ్ళు నలభై రూపాయలు

మా బావ తెనాలి మనిషి. చలంటే ఆయనకి ఏసీ ఒక్కటే తెలుసు. అక్కనీ, మేనల్లుణ్ణీ తీసుకుని దసరా అయిన వారానికి ఒడిశాలో మేముండే రాయగడ వచ్చాడు. అప్పుడు బయల్దేరాం: మా నలుగురం, వాళ్ళు ముగ్గురు, ఒక ఎర్టిగా. వెనక సీటు బావకి దక్కింది. ఆ సీటు గురించి నాలుగు రోజులూ విన్నాను, ఇక్కడ మళ్ళీ రాయను.

దసరాకీ దీపావళికీ మధ్య కొరాపుట్ కొండల్లో తిరగాలి. వానలు వెనకబడతాయి, చలి ఇంకా కరవదు, దారి పొడవునా వలిసె చేలు పసుపు పూసుకుని ఉంటాయి. లక్ష్మీపూర్ మీదుగా మూడు గంటల్లో చేరదామనుకున్నది నాలుగున్నర పట్టింది. రోడ్డు బాగానే ఉంది. చేను కనిపించిన చోటల్లా మా ఆవిడా అక్కా దిగి ఫోటోలు తీసుకున్నారు, అంతే.

లాడ్జి దగ్గరకొద్దాం. గది 1,800 అని ఫోనులో చెప్పాడు. రెండు గదులు, రెండు రాత్రులు. సాయంత్రం కౌంటరు దగ్గర నేను ఒడియాలో మాట్లాడుతూ, మధ్యలో మా ఆవిడతో తెలుగులో, "వీడి మొహం చూస్తే గీజరు పనిచేసేలా లేదు" అన్నాను. మేనేజరు తలెత్తి, "గీజరుకేటైంది బావూ, బంగారంలా ఉంది, పావుగంటాగితే ఏడెక్కుద్ది" అన్నాడు. పార్వతీపురం మనిషట. సిగ్గుతో చచ్చాను. ఆ సిగ్గులోనే ధర మళ్ళీ అడగలేదు, గీజరు తిప్పి చూడలేదు, ఆధార్ కార్డు తీసి ఇచ్చేశాను. పైగా బావతో "మనోడే, బాగా చూసుకుంటాడు" అని కూడా అన్నాను.

పావుగంట కాదు, గంటన్నర ఆగినా నీళ్ళు గోరువెచ్చన కూడా కాలేదు. కిందికి ఫోన్ చేస్తే కుర్రాడు ఒక బకెట్ తెచ్చాడు. మంచివాడే అనుకున్నాం. మర్నాడు సూర్యోదయానికి దేవమాలి ఎక్కాలని నాలుగింటికే లేచాం. స్నానం చేయకుండా అమ్మ గడప దాటదు. కుర్రాడు లేవలేదు, కట్టెల పొయ్యి వెలగలేదు. ఒక్కో బకెట్టూ వచ్చి, ఏడుగురం తయారై బయటపడేసరికి ఏడున్నర.

గురువారం ఉదయం బిల్లు చూస్తే గది 2,400. "సీజన్ కదా బావూ." రెండు గదులకి రెండు రాత్రుల అద్దె 9,600. అదనపు పరుపుకి రెండు రాత్రులకీ వెయ్యి. ఆఖర్న ఒక గీత కింద, వేడినీళ్ళు, తొమ్మిది బకెట్లు, ఒక్కోటి 40, మొత్తం 360. నేను అరిచాను. అక్క అరిచింది. బావ మాత్రం బిల్లు రెండుసార్లు చదివి, "ఎన్ని బకెట్లో లెక్క పెట్టుకున్నాడు చూడు, నీకంటే నయం" అన్నాడు. చివరికి మేనేజరు "మనోళ్ళని" చెప్పి అరవై తగ్గించాడు. 10,900 కట్టి వచ్చాం. ధర వాట్సాప్‌లో రాయించుకోండి. కుళాయి తిప్పి, చెయ్యి పెట్టి చూసి, అప్పుడే కార్డు తీయండి. ఎదుటివాడు ఏ భాష మాట్లాడినా సరే.

బుధవారం సంగతి మిగిలింది. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకంటే ఎత్తైన శిఖరం లేదు. కారు దాదాపు పైదాకా వెళ్తుంది. తొమ్మిదిన్నరకి చేరితే మబ్బంతా విడిపోయి, ఎండలో చిప్స్ పొట్లాలు మెరుస్తున్నాయి. అయినా ఆ గాలికి అక్క శాలువా కప్పుకుని అరగంట ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంది. అక్క అరగంట మాట్లాడకపోవడం నేను మొదటిసారి చూశాను. మధ్యాహ్నం కొరాపుట్‌లో శబర శ్రీక్షేత్రంలో జగన్నాథుడి దర్శనం, పక్కనే గిరిజన మ్యూజియం. తిరగలీ రోలూ చూసి అమ్మ, "మన సామాన్లన్నీ ఇక్కడ పెట్టారేంట్రా?" అంది.

ఇక భోజనాలు. కొండకోడి తింటానని తెనాలి నుంచి ఉవ్విళ్ళూరుతూ వచ్చాడు బావ. మనకి కార్తీకం దీపావళి మర్నాడు మొదలవుతుంది. ఒడియావాళ్ళకి కుమార పున్నమి, అదే ఆశ్వయుజ పున్నమి, దాటితే మొదలే, అంటే మనకంటే పదిహేను రోజులు ముందు. ఈ సంగతి చిన్నప్పటి నుంచీ తెలిసిన నేను ఆయనకి చెప్పడం మర్చిపోయాను. అడిగిన మూడు హోటళ్ళలోనూ దాల్మా (కూరగాయలు వేసి వండే పప్పు), అన్నం, ఉల్లి లేని కూర. ప్లేటు 80, రుచికి వంకలేదు. బావ మాత్రం రెండు పూటలూ నాతో మాట్లాడలేదు.

గురువారం ఒనకఢిల్లీ సంత ఆ కోపం తీర్చింది. బోండా గిరిజనులు కొండ దిగి వచ్చే సంత అది. ఫోటోలు తీయడం తప్పు. మేనల్లుడి ఫోను నా జేబులో పెట్టుకున్నాను. బావ 450 పెట్టి ఒక నాటు కోడిని కొని చంకన పెట్టుకొచ్చాడు. వండేదెవరు? లమతాపుట్ వైపు దారిలో ఒక పాకలో టీ కాస్తున్నావిడని అడిగాం. ఆవిడ మాట్లాడేది దేశియా, ఈ కొండల్లో ఒడియా యాస. నా రాయగడ ఒడియా సగమే పనికొచ్చింది, మిగతా సగం అక్క చేతులతో చెప్పింది. ఆవిడ నవ్వి, కోడిని అందుకుని, రోట్లో అల్లం, వెల్లుల్లి, ఎండుమిరప నూరింది. కట్టెల మీద గంటా పావు. నూనె తక్కువ, పులుసు పల్చన, ముక్క కాస్త గట్టి. ఘాటు ముక్కుకెక్కింది. బావ మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. కోడి తినని అమ్మకి ఆవిడ ఒక గిన్నెలో చోడి (రాగి) అంబలి పోసి, పచ్చిమిరపకాయ చేతికిచ్చింది. చిన్నప్పుడు పొలంలో తాగిన రుచేనంటూ అమ్మ రెండో గిన్నె అడిగింది. వండినందుకూ, అన్నానికీ, అంబలికీ, ఏడు టీలకీ కలిపి ఆవిడ అడిగింది 250. మూడొందలిస్తే చిల్లర కోసం పక్క పాకకి పరిగెత్తింది. వద్దన్నా తెచ్చి యాభై చేతిలో పెట్టింది.

డుడుమ జలపాతం తినకముందే చూశాం. 175 మీటర్లు దూకుతుందని ఊరించి తీసుకెళ్ళాను. 1955 నుంచీ మాచ్‌ఖండ్ నది నీళ్ళని కరెంటు కోసం మళ్ళించి, ఆంధ్రా ఒడిశా పంచుకుంటున్నాయి. మేం వెళ్ళిన రోజు కొండ మీద మిగిలింది తెల్లటి దారం. ఆకలి మీదున్న బావ "ఇంతేనా?" అన్నాడు. వానాకాలంలో అయితే వెళ్ళండి.

ఆ రాత్రి జయపురంలో గది 1,500, వేడినీళ్ళు వచ్చాయి, రాయడానికి ఇంకేం లేదు. మా ఆవిడ రెండు కిలోల కాలాజీరా బియ్యం కొంది, కిలో 160. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన బియ్యం. వండితే పక్కింటివాళ్ళు ఏం వండారని అడిగారు.

నిన్న తెనాలి నుంచి బావ ఫోన్ చేశాడు. వాళ్ళింట్లో ఇప్పుడు కార్తీకం, అక్క గుడ్డు కూడా తేనివ్వడం లేదట. "మీ ఒడియావాళ్ళు పున్నమి మర్నాడు ఛాడఖాయి అని మళ్ళీ మాంసం మొదలెడతారటగా? మాకింకా అమావాస్య దాకా ఉంది. ఆ రోజుకి రాయగడలో ఏదన్నా పనుందని అక్కకి చెప్పు" అన్నాడు.