మిథనాల్‌కి ఆవిరి కొలిమా, ఆక్సిజన్ రియాక్టరా?

పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో ద్రావకంగా వాడే మిథనాల్ మన దేశానికి ఎక్కువగా దిగుమతే. సహజవాయువు నుంచి దాన్ని చవగ్గా ఎలా తీయాలని శ్రీకాకుళంలో కెమిస్ట్రీ చదివే మా మేనల్లుడు అడిగాడు. రెండు దారులు చెప్పాను.

మొదటిది ఆవిరి పద్ధతి. కొలిమిలో ట్యూబులను బయట నుంచి వేడిచేస్తారు. లోపల సహజవాయువులోని మీథేన్, నీటి ఆవిరి కలిసి ఒక పాలు కార్బన్ మోనాక్సైడ్, మూడు పాళ్లు హైడ్రోజన్ ఇస్తాయి. ఈ రెండూ కలిస్తేనే మిథనాల్; కానీ దానికి కావలసిన హైడ్రోజన్ రెండు పాళ్లే. మిగిలిన హైడ్రోజన్‌ని చాలాచోట్ల కొలిమిలోనే కాల్చేస్తారు. నాకు బాధ అనిపించేది ఇక్కడే. దగ్గర్లో కార్బన్ డయాక్సైడ్ దొరికితే దాన్ని కలపాలి. అప్పుడు ఆ హైడ్రోజన్ కూడా మిథనాల్ అవుతుంది, అదే గ్యాస్‌కి సరుకు పెరుగుతుంది.

రెండోదాంట్లో ఆక్సిజన్ పంపి కొంత గ్యాస్‌ని రియాక్టర్ లోపలే మండిస్తారు. ఆవిరి తక్కువ చాలు, పెద్ద కొలిమి అక్కర్లేదు. కానీ హైడ్రోజన్ కాస్త తక్కువ పడుతుంది. పైగా గాలి నుంచి ఆక్సిజన్ వేరుచేసే ప్లాంటుకి బోలెడు పెట్టుబడి. రోజుకి 5,000 టన్నులు దాటే ఫ్యాక్టరీకైతే ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. చిన్నదానికి నేను ఆవిరి పద్ధతే ఎంచుకుంటాను, కార్బన్ డయాక్సైడ్ దొరికితే మరీను.