ట్రైలర్ లైట్ల రిపేరుకు మూడు టెస్టర్లు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ట్రైలర్ లైట్లు పేచీ పెట్టినప్పుడు వాడటానికి నా దగ్గర మూడు ఉన్నాయి. బండి వెనక ట్రైలర్ ప్లగ్గు పెట్టే సాకెట్‌లో గుచ్చే ఎల్‌ఈడీ ప్లగ్ టెస్టర్, మామూలు డిజిటల్ మల్టీమీటర్, పాత 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు, రెండు క్లిప్పులు పెట్టి సొంతంగా చేసుకున్న టెస్ట్ ల్యాంప్. అన్నిట్లోకీ చవక చివరిదే. ముందు చెయ్యి పోయేదీ దాని మీదికే.

ఎల్‌ఈడీ టెస్టర్ ముచ్చటగా ఉంటుంది. సాకెట్‌లో పెట్టి ఇండికేటర్ వేస్తే దానికి చెందిన ఎల్‌ఈడీ చుక్క వెలుగుతుంది. లోపం బండిలోనా, ట్రైలర్‌లోనా అని పైపైన తేల్చుకోవడానికి బాగానే పనికొస్తుంది. కానీ దాన్ని పూర్తిగా నమ్మకండి. ఎల్‌ఈడీ వెలగడానికి కొన్ని మిల్లీఆంపులు చాలు, సగం చిలుము పట్టిన వైరులోంచి కూడా అవి వచ్చేస్తాయి. టెస్టర్ అంతా బాగుందంటుంది, ట్రైలర్ తగిలించగానే బ్రేక్ లైటు మినుకుమంటుంది. కొత్త బండ్లలో ఇంకో తిరకాసు: లోడు, అంటే కరెంటు లాగే బల్బు, కనపడకపోతే లైట్లను నడిపే కొన్ని ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు ట్రైలర్ లేదనుకుని కరెంటే పంపవు. కొన్నేమో బల్బు ఉందో లేదో చూడటానికి చిన్న పల్సులు పంపుతాయి, స్విచ్ ఆపినా చుక్క మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది.

మల్టీమీటర్ కూడా లోడు లేకుండా చూస్తే ఇలాగే మోసం చేస్తుంది. తెగకుండా ఒక్క పోగు మిగిలినా 12 వోల్టులు చూపిస్తుంది. అదే 21 వాట్ల బల్బు పెడితే దాదాపు 1.75 ఆంపులు లాగుతుంది. ఆ బరువు మోయలేని వైరు అక్కడికక్కడే దొరికిపోతుంది.

నేను చేసేది ఇదీ. ఒక క్లిప్పు సాకెట్ ఎర్త్ పిన్నుకు (కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే దారి), రెండోది బ్రేక్ పిన్నుకు. బ్రేక్ నొక్కితే బల్బు మసకగా వెలిగిందనుకోండి, ఎర్త్ క్లిప్పు తీసి బండి ఛాసీ మీద రంగు లేని ఇనుముకు తగిలిస్తాను. వెలుగు ఒక్కసారిగా పెరిగితే దోషం ఎర్త్ పిన్నుది, లేదా దాని వైరుది. పెరగకపోతే కరెంటు వచ్చే వైపు వెతకాలి. ఇంతలోనే సగం టెన్షన్ పోతుంది.

ట్రైలర్ వైపు కూడా ముందు అనుమానించాల్సింది ఎర్తే. ఎడమ ఇండికేటర్ వేస్తే టెయిల్ లైట్లు కూడా దాంతోపాటు కొట్టుకుంటున్నాయంటే, తిరిగి వెళ్లే దారి లేని కరెంటు పక్క బల్బు ఫిలమెంటులోంచి దూరుతోందన్నమాట. ఎర్త్ (తెల్ల) వైరు ఛాసీకి బిగించిన చోట బోల్టు విప్పి చూస్తే, రింగు కింద రంగో, తుప్పో, పచ్చటి పొడో కనపడుతుంది. ఇనుము మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, బిగించి, పైన గ్రీజు రాయండి. టో బాల్ (ట్రైలర్ తగిలించే ఇనుప గుండు) మీదుగానే ఎర్త్ అందుతుంటే మాత్రం ప్రతి గుంతకీ లైట్లు ఆరి వెలుగుతాయి, అక్కడ వేరే వైరు వేయాల్సిందే.

గుండ్రటి ఏడు పిన్నుల ప్లగ్గులో పసుపు ఎడమ ఇండికేటర్, ఆకుపచ్చ కుడి ఇండికేటర్, ఎరుపు బ్రేక్, తెలుపు ఎర్త్. అయితే పాత ట్రైలర్‌లో రంగుల్ని నమ్మడం దండగ. ఎవరికి ఏ వైరు దొరికితే అది అతికించేస్తారు! వైరును కొరికి పట్టుకునే క్లిప్ కనెక్టర్లంటే నాకు ఒళ్లుమంట. అవి పోగుల్ని కోస్తాయి, నీటినీ లోపలికి రానిస్తాయి. పీకేసి, జిగురున్న హీట్ ష్రింక్ గొట్టంతో (వేడి చేస్తే ముడుచుకుని వైరును పట్టుకునేది) కొత్త జాయింటు వేయడం మేలు. ప్లగ్గు వదులైతే చీలిక ఉన్న ఇత్తడి పిన్నుల్ని సన్నటి స్క్రూడ్రైవరుతో కాస్త విప్పితే పట్టు వస్తుంది.

టెస్ట్ ల్యాంపుకూ లోపాలున్నాయి. బల్బు చేతిని కాలుస్తుంది, కింద పడితే పగులుతుంది. ఎయిర్‌బ్యాగ్, సెన్సర్ వైర్ల దగ్గరికి దాన్ని అస్సలు తీసుకెళ్లకూడదు. ఇంకొకటి, ట్రైలర్‌కు ఎల్‌ఈడీ లైట్లున్నప్పుడు డాష్‌బోర్డు మీద బల్బు పోయిందన్న హెచ్చరిక వచ్చినా, ఇండికేటర్ వేగంగా కొట్టుకున్నా, ఆ పిన్నుకు నా బల్బు తగిలించి చూస్తాను. మామూలుగా కొట్టుకుంటే వైరింగులో తప్పు లేదు, లోడు సరిపోవడం లేదంతే. దానికి అదనంగా కరెంటు లాగే రెసిస్టరో, ఎల్‌ఈడీకి సరిపడే ఫ్లాషరో (ఇండికేటర్‌ను కొట్టుకునేలా చేసేది) వేసుకోవాలి.