చలికాలంలో పాదాల కింద గొంగడి: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

ఆదిలాబాద్ పట్టణంలోని మా ఇంట్లో డిసెంబరు, జనవరి నెలల్లో పాదాలు వెచ్చగా ఉండటానికి నేను ప్రధానంగా నమ్ముకున్నది చేతిమగ్గం మీద నేసిన నల్ల గొంగడిని. కప్పుకోవడానికి కాదు, మడిచి రాతబల్ల కింద నేల మీద పరచుకోవడానికి. కొన్నేళ్లుగా ప్రతి చలికాలమూ ఇదే పద్ధతి సాగుతోంది కనుక దీని గుణాలతోపాటు లోపాలను కూడా ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

ఈ జిల్లాలో చలికాలపు రాత్రులు తరచుగా 10 డిగ్రీల లోపుకు దిగుతాయి. కొన్ని రాత్రులు 5, 6 డిగ్రీల దాకా పడిపోతాయి. ఇళ్లను మాత్రం మే నెలలో 45 డిగ్రీల ఎండను తట్టుకోవాలనే ఉద్దేశంతో కట్టారు. నేలంతా టైల్స్ లేదా గ్రానైట్, గోడ పైభాగాన ఎప్పుడూ తెరిచే ఉండే వెంటిలేటర్లు, ఎక్కడా గదిని వేడిచేసే ఏర్పాటు ఉండదు. స్వెటరు, మఫ్లరు ఎన్ని వేసుకున్నా, సాయంత్రం ఒకచోట కదలకుండా కూర్చుని చదువుకునేవారికి, పరీక్ష పేపర్లు దిద్దేవారికి ముందుగా చల్లబడేవి కాలివేళ్లే. చలి తగలగానే శరీరం లోపలి అవయవాల వేడిని కాపాడుకోవడానికి చేతుల, కాళ్ల చివరల్లోని రక్తనాళాలను కుదించుకుంటుంది. పాదానికి అందే వెచ్చని రక్తం అలా తగ్గిన సమయంలోనే, నేల కూడా ఉన్న కాస్త వేడిని లాగేసుకుంటుంది.

ఈ రెండో విషయాన్ని చాలామంది పట్టించుకోరు. ఒకే గదిలో చెక్క పీట, టైలు నేల దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా, పీట మీద కాలు పెడితే లేని చలి నేల మీద పెట్టగానే జివ్వుమంటుంది. పదార్థం వేడిని ఎంత వేగంగా తనలోంచి పోనిస్తుందన్నదే ఇక్కడి తేడా. ఉష్ణవాహకతను అంకెల్లో చూస్తే, గ్రానైటుకు అది మీటరుకు ఒక్కో డిగ్రీకి రెండున్నర వాట్లకు అటూ ఇటూ, టైలుకు సుమారు 1 వాటు, చెక్కకు సుమారు 0.15, ఊలుకు సుమారు 0.04 ఉంటుంది. కాబట్టి పాదానికి పైన ఎన్ని పొరలు చుట్టామన్నదాని కంటే, అరికాలికి నేలకు మధ్య ఏముందన్నదే ముఖ్యమని నా అనుభవం గట్టిగా చెబుతోంది. పలుచని నూలు సాక్సులు వేసుకుని టైల్స్ మీద కూర్చుంటే, శరీరం బరువుకు ఆ నూలు అరికాలి కింద పూర్తిగా అణిగిపోయి, వాటి ప్రయోజనం చాలావరకు పోతుంది.

గొంగడి అలా అణిగిపోదు. దీన్ని దక్కనీ గొర్రెల ఊలుతో నేస్తారు. ఆ ఊలు విదేశీ మెరీనో ఊలులా మెత్తగా ఉండదు. ముతకగా, బిరుసుగా ఉంటుంది. స్వెటర్లకు పనికిరాదని చిన్నచూపు చూసే ఆ బిరుసే ఇక్కడ మేలు చేస్తుంది, ఎందుకంటే కాలితో తొక్కినా పోగుల మధ్య గాలి మిగిలే ఉంటుంది, చలిని ఆపేది నిజానికి ఆ కదలని గాలే. తెలంగాణలో కురుమలు తరతరాలుగా ఈ ఊలు వడికి, గుంటమగ్గాల మీద నేసి, చింతగింజల గంజి పట్టిస్తున్నారు. కొత్త గొంగడి అట్టలా బిగుసుకుని ఉండటానికి ఆ గంజే కారణం; వాడేకొద్దీ అది మెత్తబడుతుంది. మా గొంగడి దారికి రావడానికి దాదాపు ఒక చలికాలం పట్టింది.

నేను వాడే తీరు ఇది. బల్ల కింద ముందుగా గోనెసంచి పరుస్తాను, ఎందుకంటే నున్నని టైలు మీద ఊలు జారుతుంది. పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఈ జాగ్రత్త తప్పనిసరి. దాని మీద గొంగడిని నాలుగు మడతలుగా వేసి, పై మడతను పాదాల మీదికి తిప్పుకుంటాను. అప్పుడు కాళ్లు రెండూ ఒక సంచిలో పెట్టినట్లు ఉంటాయి. కింద మూడు పొరలు, పైన ఒక పొర. పలుచని సాక్సులు వేసుకుని అందులో కాళ్లు పెడితే, పావుగంట గడిచేసరికి వేళ్లలోని బిగువు సడలి, చిటికెన వేలి దాకా వెచ్చదనం పాకడం స్పష్టంగా తెలుస్తుంది. ఆ తర్వాత రాత్రి ఎంతసేపు కూర్చున్నా ఆ వెచ్చదనం పోదు.

అయితే గొంగడి తనంతట తాను వేడి పుట్టించదు, ఉన్న వేడిని నిలబెడుతుంది అంతే. పాదాలు అప్పటికే మంచుముద్దల్లా ఉంటే అందులో పెట్టినా చాలాసేపు అలాగే ఉంటాయి. అందువల్ల కూర్చోవడానికి ముందు ఇంట్లోనే కాసేపు నడవడమో, గోరువెచ్చని నీళ్లలో పాదాలు ఉంచి, వేళ్ల సందుల్లో కూడా తడి లేకుండా తుడుచుకోవడమో అవసరం. తడి మిగిలితే అది ఆవిరవుతూ పాదాన్ని చల్లబరుస్తుంది. ఊలు తన బరువులో దాదాపు మూడో వంతు దాకా తేమను పీల్చుకోగలదు కనుక చెమట వల్ల ఇబ్బంది ఉండదు కానీ, కారే నీళ్లతో అందులో కాలు పెట్టడం మంచిది కాదు.

ఇంట్లో ఉన్న మిగతా సాధనాలతో పోల్చి చూశాను. రాడ్ హీటరు ముఖాన్ని, మోకాళ్లను వేడెక్కించినంతగా బల్ల కింది పాదాలను వేడెక్కించదు. 1,000 వాట్ల హీటరు గంటకు ఒక యూనిట్ కరెంటు కాలుస్తుంది, పైగా చర్మం పొడిబారి మడమల పగుళ్లు పెరుగుతాయి. రబ్బరు వేడినీళ్ల సంచి త్వరగా సుఖాన్నిస్తుంది కానీ గంటా రెండు గంటల్లో చల్లారిపోతుంది. మందపాటి అడుగున్న ఫెల్టు చెప్పులు నిజంగా మంచివి. ఇంట్లో తిరిగే సమయానికి వాటిని మించినది లేదు. మామూలు హవాయి చెప్పులు కూడా అరికాలిని నేల నుంచి బాగానే వేరుచేస్తాయి. తెల్లవారుజామున వంటింట్లో నిలబడే మా అమ్మకు అవే సరిపోతున్నాయి, నీళ్లు పడే చోట గొంగడి పరచడం కుదరదు కదా. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం మాత్రం ఎవరూ చేయకూడదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మధుమేహం ఉన్నవారి గురించి విడిగా చెప్పాలి. మా నాన్నకు చాలా కాలంగా షుగరు ఉంది, అరికాళ్లలో స్పర్శ తగ్గింది. అలాంటివారు వేడినీళ్ల సంచి, విద్యుత్తుతో పనిచేసే కాళ్ల ప్యాడ్లు వాడితే కాలిన సంగతి వారికే తెలియదు, చిన్న బొబ్బ పెద్ద పుండుగా మారుతుంది. వారికి నీళ్ల వేడిని కూడా ఇంకొకరు చేత్తో చూసి ఇవ్వాలి. తనంతట తాను వేడెక్కని గొంగడి మీద నాకు ఇంత అభిమానం కలగడానికి ప్రధాన కారణం ఇదే. అయితే అందులోని ముతక పోగులు పలచబడిన చర్మాన్ని గీరకుండా, బిగుతు లేని సాక్సులు వేసుకునే కాళ్లు పెట్టాలి, రోజూ అరికాళ్లు చూసుకోవాలి.

దీని లోపాలూ తక్కువేమీ కావు. మొదటి కొన్ని నెలలు గొర్రె వాసన వస్తుంది, ముసురు పట్టిన రోజున అది మరింత తెలుస్తుంది. నల్లని పోగులు రాలి నేలంతా పడతాయి. బరువుగా ఉండటం వల్ల రోజూ ఎత్తి దులపడం శ్రమే, దులపకపోతే దుమ్ము చేరుతుంది. ఉతకడానికి వేడినీళ్లు, వాషింగ్ మెషిన్ రెండూ పనికిరావు, ఊలు ముడుచుకుపోతుంది. ఏడాదికి ఒకసారి కుంకుడు రసం కలిపిన చన్నీళ్లలో ముంచి, పిండకుండా ఆరవేస్తాం. ఎండాకాలంలో పురుగు పట్టకుండా బాగా ఎండబెట్టి, దులిపి, ఎండిన వేపాకు వేసి మూట కడతాం. అయినా మధ్యలో ఒకసారి తీసి ఎండలో వేయవలసిందే, ఎందుకంటే వేపాకు కంటే ఎండా దులపడమే దాన్ని ఎక్కువగా కాపాడుతున్నాయి.

కొనేటప్పుడు ఒక పోగు లాగి కాల్చి చూడండి. అసలైన ఊలైతే వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిగే నల్లని బూడిద మిగులుతుంది. ప్లాస్టిక్ దారమైతే కరిగి గట్టి పూసలా అంటుకుంటుంది. చేనేత గొంగడి ధర మిల్లు దుప్పటి కంటే బాగా ఎక్కువే ఉంటుంది, కానీ కాలి కింద ఇన్నేళ్లు తొక్కినా మాది ఎక్కడా చిరగలేదు.

రాత్రి పడుకునేటప్పుడు దీన్ని నేను వాడను, మందమైన సాక్సులు సరిపోతాయి. పాదాలు వెచ్చగా ఉన్నవారికి నిద్ర త్వరగా పడుతుందని స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు 1999లో నేచర్ పత్రికలో చూపారు, మా ఇంట్లోనూ అది నిజమే. ఊలు తగిలితే దద్దుర్లు వచ్చేవారు, ఉబ్బసం ఉన్నవారు గొంగడి జోలికి వెళ్లకుండా, మందపాటి ఫోము చాప మీద పాత నూలు బొంత మడిచి వేసుకుంటే చాలావరకు ఇదే ఫలితం దొరుకుతుంది.